ఫైర్ ఇంజన్ డ్రైవర్‌కి షుగర్ వస్తే లైసెన్స్ రెన్యూవల్‌లో చెప్పాలా?

మీ ప్రశ్న చదివాను అమ్మా. మీ అన్నయ్య హైదరాబాద్‌లో ఫైర్ ఇంజన్ నడుపుతారు, ఈమధ్యే ఇన్సులిన్ మొదలుపెట్టారు, హెవీ లైసెన్స్ గడువు దగ్గరపడింది. మెడికల్‌లో ఈ సంగతి చెప్పాలా, చెబితే ఉద్యోగం పోతుందా అని అడిగారు. నేను ఇదే శాఖలో డ్రైవర్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాను. నా మాట అయితే, చెప్పి తీరాలి. అదీ రెన్యూవల్ దాకా ఆగకుండా ఇప్పుడే, స్టేషన్ ఆఫీసర్‌కి కాగితం మీద రాసి ఇవ్వాలి.

ముందు రూల్స్ సంగతి. ఫైర్ ఇంజన్ ప్రభుత్వ బండి కదా, మనకి ఇవన్నీ ఉండవులే అని మావాళ్లలోనే కొందరు అనేవారు. అది తప్పు. ఏ బండి ట్రాన్స్‌పోర్ట్ కిందికి వస్తుంది, ఏది రాదు అని 2004 నవంబరు 5న కేంద్రం జాబితా ఇచ్చింది. లారీలు, బస్సులు, అంబులెన్సులతో పాటు ఫైర్ టెండర్లు, అంటే మన ఫైర్ ఇంజన్లు కూడా ట్రాన్స్‌పోర్ట్ జాబితాలోనే ఉన్నాయి. సొంత కారు నడుపుకునేవాళ్లు నలభై దాటాక మెడికల్ సర్టిఫికెట్ ఇస్తే చాలు. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్‌కి మాత్రం వయసుతో పనిలేదు, ప్రతి రెన్యూవల్‌కీ ఇవ్వాల్సిందే. 2019 సవరణ తర్వాత ఆ లైసెన్స్ ఐదేళ్లు చెల్లుతుంది, అంతకుముందు మూడేళ్లే. గడువు తీరాక కూడా లైసెన్స్ 30 రోజులు చెల్లేది, ఆ వెసులుబాటు కూడా అదే సవరణలో పోయింది. గడువుకి ఏడాది ముందు నుంచే అప్లై చేయొచ్చు కాబట్టి చివరి వారం దాకా పెట్టుకోవద్దని చెప్పండి.

ఇక అసలు విషయం. లైసెన్స్ దగ్గర ఆరోగ్యం గురించి రెండు ఫారాలున్నాయి. ఫారం 1 మనం స్వయంగా ఇచ్చే డిక్లరేషన్. ఫారం 1ఎ డాక్టర్ పరీక్షించి ఇచ్చే సర్టిఫికెట్. రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. డాక్టర్ ఫారం దృష్టంతా కళ్లు, చెవులు, కాళ్లు చేతుల మీదే. 25 మీటర్ల దూరం నుంచి నంబర్ ప్లేట్ కనిపిస్తుందా, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలుస్తుందా, రేచీకటి ఉందా, హారన్ వినిపిస్తుందా, ఇలాంటివి. షుగర్ రీడింగ్ రాయడానికి అందులో గడే లేదు. మూర్ఛ ఉందా, ఉన్నట్టుండి స్పృహ తప్పడం గానీ కళ్లు తిరగడం గానీ ఉందా అనే ప్రశ్న ఫారం 1లో ఉంది. షుగర్ ఒక్కసారిగా పడిపోతే జరిగేది అదే. అంటే దానికి జవాబు చెప్పాల్సింది డ్రైవరే. బండి నడిపేవాడికి అన్నిటికంటే ప్రమాదమైన సంగతి ఆయన నోటితో ఆయన చెబితేనే బయటికొస్తుంది.

కెనడాలోని ఒంటారియోలో అయితే, నడపడానికి ప్రమాదమయ్యే జబ్బు కనపడితే డాక్టరే రవాణా శాఖకు తెలియజేయాలని చట్టం ఉంది. మన మోటారు వాహనాల చట్టం డాక్టర్ మీద ఆ బాధ్యత పెట్టలేదు. సెక్షన్ 16 కింద లైసెన్సింగ్ అధికారికి అనుమానం వస్తే ఎప్పుడైనా మెడికల్ సర్టిఫికెట్ అడగొచ్చు, లైసెన్స్ రద్దు కూడా చేయొచ్చు. కానీ ఆ అనుమానం ఎప్పుడొస్తుంది? ఏదో జరిగాకే కదా.

నేను కళ్లారా చూసింది చెబుతాను. ఊరి చివర ఒక స్క్రాప్ గోడౌన్ తగలబడింది, రాత్రి కాల్. మా బండి వెనకే ఇంకో వాటర్ టెండర్ వచ్చింది. దాని డ్రైవర్ నాకు బాగా కావలసినవాడు. మా ఉద్యోగంలో బండి ఆపితే పని అయిపోదు, అక్కడి నుంచి పంపు మనదే. పీటీఓ (ఇంజన్ శక్తిని పంపుకి మళ్లించే ఏర్పాటు) వేసి, గేజ్ చూసుకుంటూ, ముందున్న వాళ్లు అడిగినంత ప్రెషర్ ఇవ్వాలి. తగ్గించు తగ్గించు అని హోస్ పట్టుకున్నవాళ్లు అరుస్తున్నారు. ఇతను గేజ్ వంకే చూస్తున్నాడు గానీ చెయ్యి థ్రాటిల్ మీదికి పోవడం లేదు. చొక్కా తడిసి ముద్దయింది. మంట వేడికేమో అనుకున్నాం. లీడింగ్ ఫైర్‌మన్ దగ్గరికెళ్లి పేరు పెట్టి పిలిస్తే సంబంధం లేని జవాబు చెప్పాడు. వెంటనే కూర్చోబెట్టి నీళ్లలో చక్కెర కలిపి తాగించారు. కాసేపటికి మామూలు మనిషయ్యాడు. ఇన్సులిన్ వేసుకుని అన్నం ముందు కూర్చోబోతుంటే కాల్ వచ్చిందట. మూత తీయని టిఫిన్ బాక్స్ స్టేషన్‌లోనే ఉంది. తినకపోవడంతో షుగర్ పడిపోయిందన్నమాట.

అదే పావుగంట ముందు, ఫ్లైఓవర్ మీద, ట్యాంకు నిండా నీళ్లతో సైరన్ వేసుకుని వస్తున్నప్పుడు జరిగి ఉంటే? వెనక సీట్లో సిబ్బంది, ముందు దారిచ్చే స్కూటర్లు. ఆ ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు. అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

షుగర్ ఉన్నవాళ్లంతా నడపకూడదని నా అర్థం కాదు. మందు ఏమిటన్నది ముఖ్యం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు షుగర్ మరీ పడిపోవడం అరుదు. ఇన్సులిన్‌తోనూ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలతోనూ 70 కంటే కిందికి పడిపోవచ్చు. బ్రిటన్‌లో ఇన్సులిన్ వాడే హెవీ డ్రైవర్ లైసెన్స్ అథారిటీకి చెప్పి తీరాలి, లైసెన్స్ కూడా ఏడాదికే ఇస్తారు. స్టీరింగ్ పట్టేముందు రెండు గంటల్లోపు ఒకసారి, తర్వాత ప్రతి రెండు గంటలకూ రీడింగ్ చూసుకోవాలి. పడిపోతే, మళ్లీ 90కి చేరాక కూడా 45 నిమిషాలు ఆగి నడపాలి. లారీవాడు పక్కకి ఆపుకుని ఇవన్నీ చేసుకోగలడు. బెల్ మోగిన మరుక్షణం బండెక్కేవాడికి ఆ తీరిక ఎక్కడిది? మన స్టేషన్లలో కుదరని చోటు అదే. మీ అన్నయ్య డాక్టర్‌కి తాను చేసే పని ఏమిటో ఈ వివరాలతో సహా చెప్పాలి. ఉత్త ‘డ్రైవర్’ అని చెబితే సరిపోదు.

ఉద్యోగం పోతుందన్న భయం గురించి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 20(4) ప్రకారం సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వం తీసేయకూడదు, ర్యాంకు తగ్గించకూడదు. ఉన్న పనికి పనికిరాకపోతే అదే జీతం స్కేలుతో వేరే పోస్టు ఇవ్వాలి, అదీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించి అందులో ఉంచాలి. అయితే ఇక్కడ ఒక మాట. షుగర్ ఉందనగానే అది ఈ చట్టం చెప్పే వైకల్యం అయిపోదు. షుగర్ వల్ల చూపు దెబ్బతింటే అది వేరే సంగతి. అయినా కోర్టులు ఎటు మొగ్గుతున్నాయో మన తెలంగాణ ఆర్టీసీ కేసులోనే కనిపిస్తుంది. కలర్ బ్లైండ్‌నెస్ అని మెడికల్ గ్రౌండ్స్ మీద ఇంటికి పంపిన డ్రైవర్‌కు అదే పే గ్రేడ్‌లో తగిన ఉద్యోగం ఇవ్వాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. యూనియన్‌తో 1979లో కుదిరిన పాత ఒప్పందం అందులో పనికొచ్చింది. అందుకని మీ అన్నయ్య తన సర్వీస్ రూల్స్ కాపీ, అసోసియేషన్ దగ్గరున్న పాత ఉత్తర్వులు తెప్పించుకుని చదవడం మంచిది.

నేను చెప్పిన ఆ మిత్రుడు మర్నాడే ఆఫీసర్‌కి రాసిచ్చాడు. డ్రైవింగ్ నుంచి తప్పించి వాచ్ రూమ్‌లో వేశారు. మొదట్లో బాధపడ్డాడు, ఆ బాధ నాకు తెలుసు. బెల్ మోగగానే అందరూ పరిగెడుతుంటే ఫోన్ దగ్గర కూర్చోవడం తేలిక కాదు. కానీ జీతం రూపాయి తగ్గలేదు, సర్వీసు పూర్తిగా చేసుకుని దిగాడు.

ఇంకొకటి. ఏజెంటు ఎవరైనా ‘మీరు రానక్కర్లేదు, ఫారం 1ఎ సంతకంతో తెచ్చిస్తా’ అంటారు. నన్నూ ఒకరు అలాగే ఒక క్లినిక్‌కి తీసుకెళ్లారు. అక్కడి డాక్టర్ తలెత్తి నా మొహం చూడకుండానే స్టాంపు వేయబోతే లేచి వచ్చేశాను. ఆ ఫారం మీద డాక్టర్ ‘నేను స్వయంగా పరీక్షించాను’ అని సంతకం పెడతారు. రేపు కోర్టు దాకా వెళ్తే ఆ కాగితం మీ అన్నయ్యకే ఎదురు తిరుగుతుంది. రోజూ చూసే షుగర్ డాక్టర్ దగ్గర మూడు నెలల సగటు రిపోర్టు, కంటి రెటీనా పరీక్ష చేయించుకుని, ఇన్సులిన్ ఎప్పటి నుంచి వాడుతున్నారో లెటర్‌హెడ్ మీద రాయించుకోమనండి. ఆఫీసర్‌కి ఇచ్చే దరఖాస్తుకి ఆ కాపీలు జతచేసి, తన దగ్గరుండే కాపీ మీద తేదీతో సహా ముట్టినట్టు సంతకం తీసుకోవాలి. జవాబు వచ్చేదాకా స్టీరింగ్ పట్టకుండా వేరే డ్యూటీ అడగమనండి.