నీటిని ఇష్టపడే పాలిమర్‌కి, నీటిని తోసేసే పాలిమర్‌ని ఎలా అతికిస్తారు?

పర్లాకిమిడి నుంచి ఒక ఎమ్మెస్సీ విద్యార్థి అడిగారు: పెగ్ (నీటిని ఇష్టపడే పాలీఇథిలీన్ గ్లైకాల్), పీఎల్ఏ (నీటిని తోసేసే పాలీలాక్టిక్ ఆసిడ్) రెండూ ఒకే గొలుసుగా ఎలా అవుతాయి, నిజంగా అతుక్కున్నాయని ఎలా తెలుస్తుంది అని.

అతికించడం కాదు, ఒకదాని కొస నుంచి రెండోదాన్ని పెంచడం అనాలి. ఒక కొస మీథాక్సీతో మూసేసిన పెగ్ తీసుకుంటే, రెండో కొసన ఉన్న హైడ్రాక్సిల్ (OH గుంపు) దగ్గర, పీఎల్ఏకి ముడిసరుకైన లాక్టైడ్ వలయాలు తెరుచుకుంటూ ఒకదాని వెనక ఒకటి చేరతాయి. స్టానస్ ఆక్టోయేట్ ఉత్ప్రేరకం, మరిగే టోల్యూన్ ద్రావణి. అసలు శత్రువు తేమ. నీటికీ హైడ్రాక్సిల్ ఉంది కదా, అది కూడా గొలుసు మొదలుపెట్టేస్తుంది, అప్పుడు పెగ్ లేని ఉత్త పీఎల్ఏ వస్తుంది. మన బరంపురం వైపు వానాకాలంలో ఉప్పు డబ్బా మూత తీసి ఉంచితే చెమ్మగిల్లిపోతుంది, అలాంటి గాలిలో పెగ్‌ని వాక్యూమ్‌లో బాగా ఆరబెట్టకుండా దయచేసి మొదలుపెట్టకండి. చివర్లో చల్లటి ఈథర్‌లో పోస్తే విరిగిన పాలలా తెల్లగా అడుగుకు దిగుతుంది.

ఎన్ఎంఆర్‌లో (అణువులోని హైడ్రోజన్‌లు ఎక్కడెక్కడ ఉన్నాయో శిఖరాలుగా చూపించే పరీక్ష) 3.6 పీపీఎం దగ్గర పెగ్, 5.2 దగ్గర పీఎల్ఏ కనిపిస్తాయి, వాటి వైశాల్యాల నిష్పత్తి నుంచి పీఎల్ఏ పొడవు లెక్కకడతాం. కానీ రెండిటినీ ఊరికే కలిపినా అవే కనిపిస్తాయి! అందుకే జీపీసీ కూడా చేయాలి, అది గొలుసులను పరిమాణం బట్టి వేరుచేస్తుంది, పెద్దవి ముందు బయటికొస్తాయి: ఒకే శిఖరం, అదీ మొదటి పెగ్ కంటే ముందుగా రావాలి.

నాకు బాగా నచ్చే పరీక్ష ఇంకోటుంది. అదే పదార్థాన్ని భారజలంలో మిసెల్స్‌గా (గొలుసులు గుమిగూడిన చిన్న చిన్న ఉండలుగా) చేసి ఎన్ఎంఆర్ తీస్తే 5.2 దగ్గరి శిఖరం దాదాపు మాయమవుతుంది, ఎందుకంటే పీఎల్ఏ నీటికి భయపడి లోపల ముద్దగా దాక్కుని కదలడం మానేస్తుంది, బయట పెగ్ మాత్రం హాయిగా ఊగుతూ ఉంటుంది.