బయానా ఇచ్చే ముందు

చి. బుజ్జికి, మామయ్య ఆశీస్సులు.

పదివేల పాటలున్న కరోకే పెట్టె 30 వేలకు ఇస్తున్నారని అన్నావు. తొందరపడి బయానా ఇచ్చేయకు. ఆ పదివేలలో తెలుగువెన్నో, వాటిలో నీ గొంతుకు పడేవెన్నో ముందు చూసుకో.

నేను మోసపోయింది అక్కడే. కువైట్‌లో మా గదిలో ఒక ఫిలిప్పీన్స్ అతను ఉండేవాడు. శుక్రవారం వచ్చిందంటే వీసీడీ (బొమ్మ కూడా వచ్చే సీడీ) పెట్టి మైకు పట్టుకునేవాడు. ఆ పిచ్చి నాకూ అంటుకుంది. ఆ డిస్కుల్లో ఒక స్పీకరు వైపు గాయకుడి గొంతుతో పాట, రెండో స్పీకరు వైపు ఉత్త వాద్యాలు. బటన్ నొక్కి గొంతు తీసేస్తే ఇక మన వంతు. డిస్కు మొత్తం 74 నిమిషాలు, అంటే పదిహేను పాటలు. నాకు వచ్చినవి మూడో నాలుగో, డబ్బు మాత్రం పదిహేనింటికీ కట్టాను. ఇంటికొచ్చాక రెండు వానాకాలాలకే సగం డిస్కులు సరిగ్గా రెండో చరణంలో, బొమ్మ గళ్లుగళ్లుగా విరిగి ఆగిపోయేవి. అట్టపెట్టె ఇంకా అటక మీదే ఉంది. మీ అత్త చూసినప్పుడల్లా దెప్పుతూనే ఉంటుంది.

ఈ బాధ జపాన్ బార్లవాళ్లు ముందే పడ్డారులే. 1971లో కోబేలో ఇనోవే డైసుకే తయారుచేసిన పెట్టెలో టేపులు, పాటకు వంద యెన్ల నాణెం. 1982లో అడుగు వెడల్పు లేజర్ డిస్కులొచ్చాయి. కొత్త పాట కావాలంటే కొత్త డిస్కు కొనాల్సిందే. 1992లో పాటలు ఫోను తీగ మీద రావడం మొదలైంది. వచ్చేది రికార్డింగు కాదు, ఏ వాద్యం ఏ స్వరం ఎప్పుడు పలకాలో చెప్పే చిట్టా. అందుకే ఆ సన్నటి తీగే సరిపోయింది.

ఎవరైనా పాత సీడీజీ డిస్కులు, అంటే పాటతోపాటు సాహిత్యం తెర మీద చూపే సీడీలు, ఊరికే ఇస్తే తీసుకో. మామూలుగా ఎంపీ3 చేశావంటే తెర మీది సాహిత్యం పోతుంది, అది విడిగా దాచి ఉంటుంది. పాట ఫైలు, సీడీజీ ఫైలు రెండూ ఒకే పేరుతో పక్కపక్కన ఉంచు.

గొంతు లేని వాద్యాల ట్రాకులు ఫోన్లోనే దొరుకుతాయి. టేపు రోజుల్లో శ్రుతి దించితే పాటా నీరసపడేది. ఇప్పుడు యాప్‌లో లయ చెడకుండా అర శ్రుతి దించుకోవచ్చు. కాబట్టి డబ్బు మైకు మీద పెట్టు. తీగ ఉన్న మంచి మైకు, నీ గొంతునూ ట్రాకునూ కలిపే చిన్న మిక్సరు చాలు. బ్లూటూత్ స్పీకరు మాత్రం వద్దు, నీ గొంతు నీకే ఆలస్యంగా వినిపించి తాళం తప్పుతావు.

దసరాకు నా మిక్సరు తెస్తాను. దాంతో పాడి చూశాక ఏం కొనాలో ఆలోచిద్దాం.

మీ మామయ్య