మార్కులు పెరగకపోతే కాలేజీ మార్చాలా? జేఈఈ మెయిన్, ఈఏపీసెట్ రాసే పిల్లల తల్లిదండ్రులకు నా జవాబు

ప్రశ్న: మా బాబు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. ఇంజినీరింగ్ సీటు కోసం జేఈఈ మెయిన్, ఈఏపీసెట్ రెండూ రాయబోతున్నాడు. వీక్లీ టెస్టుల్లో మార్కులు పెరగడం లేదు. కాలేజీ మార్చాలా? లేక విడిగా ఇంకో కోచింగ్ పెట్టించాలా?

రెండూ వద్దండీ. సెకండియర్ మధ్యలో కాలేజీ మారిస్తే కొత్త లెక్చరర్లు, కొత్త హాస్టల్ అలవాటయ్యేసరికి జేఈఈ మెయిన్ జనవరి సెషన్ నెత్తిమీదకు వచ్చేస్తుంది. ఇంకో కోచింగ్ పెట్టిస్తే ఉన్న కాస్త నిద్ర కూడా పోతుంది. మార్కులు ఒకచోట ఆగిపోయిన పిల్లల్లో చాలామందికి పాఠాలు తక్కువ కాలేదు. రాసిన పేపర్‌ని తీరిగ్గా చూసుకునే టైమే దొరకడం లేదు. మా ఇంట్లో కళ్లారా చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మా అక్క కొడుకు పదో తరగతి దాకా నరసరావుపేటలో ఇంటి దగ్గరే చదివాడు. లెక్కలంటే ప్రాణం. ఇంటర్‌కి విజయవాడ వైపు ఒక రెసిడెన్షియల్ కాలేజీలో వేశారు. అక్కడ వారం వారం టెస్టు, టెస్టు అవగానే మార్కులు, ర్యాంకు మా బావగారి ఫోన్‌కి మెసేజ్. ఆ మెసేజ్ వచ్చిన రోజు ఇంట్లో ఎవరికీ అన్నం సహించేది కాదు. ర్యాంకు తగ్గితే కింది సెక్షన్‌కి మార్చేవాళ్లు. సెక్షన్ మారితే స్నేహితులు మారతారు, చెప్పే లెక్చరర్ మారతాడు. పదహారేళ్ల పిల్లాడికి అదెంత అవమానమో ఆ పద్ధతి పెట్టినవాళ్లకు తెలియదనుకోను. తెలిసే చేస్తారు.

సెకండియర్ దసరా సెలవులకు వాడు ఇంటికొచ్చాడు. నేను తెలుగు మీడియంలో, ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చదివి ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) రాసినవాణ్ణి. ఇప్పుడు విద్యుత్ శాఖలో పనిచేస్తున్నాను. వాడు దిగులుగా ఉన్నాడని అక్క ఫోన్ చేస్తే వెళ్లి, పాత ఈఏపీసెట్ పేపర్ ఒకటి ప్రింట్ తీయించి, మేడ మీద గదిలో కూర్చోబెట్టి రాయించాను. మూడు గంటలు. ఫోన్ కింద అమ్మ దగ్గర.

టైమ్ అయ్యాక పైకి వెళ్తే పేపర్ మడిచి మంచం మీద పడేసి ఉన్నాడు.

"కీ చూసుకున్నా మామయ్యా. సగం కూడా రాలేదు."

"ఏవి తప్పయ్యాయో చూశావా?"

"అది చూసేదేముంది? హాస్టల్లో అయితే ఈపాటికి స్టడీ అవర్ మొదలైపోయేది. రేపటి చాప్టర్ తీయాలి."

ఆ మాటతో నాకు విషయం అర్థమైంది. వాడి చేత్తో రాసిన రఫ్ కాగితాలన్నీ ముందు పెట్టుకుని, తప్పయిన ప్రతి ప్రశ్ననీ ఇద్దరం మళ్లీ చదవడం మొదలుపెట్టాం. ఫిజిక్స్‌లో ఘన గోళం జడత్వ భ్రామకం మీద ఒక ప్రశ్న. స్పర్శరేఖ అక్షంగా అడిగాడు. వీడు రఫ్‌లో 2/5 ఎంఆర్ స్క్వేర్ అని చక్కగా రాసి, ఆప్షన్లలో అది కనబడగానే పెట్టేశాడు. అది వ్యాసం అక్షంగా తీసుకున్నప్పటి విలువ. సమాంతర అక్షాల సిద్ధాంతంతో ఇంకో ఎంఆర్ స్క్వేర్ కలిపితే 7/5 వస్తుంది. సిద్ధాంతం అడిగితే గడగడా చెప్పాడు. "స్పర్శరేఖ" అన్న మాట చదవనే లేదు. పేపర్ పెట్టేవాడికి పిల్లలు ఎక్కడ ఆగిపోతారో బాగా తెలుసు, ఆగిపోయినచోట వచ్చే జవాబునే ఆప్షన్‌గా ఇస్తాడు. ఇంకోచోట సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చలేదు. ఇంకోచోట "సరికానిది ఏది" అని అడిగితే సరైనదాన్ని పెట్టాడు.

కెమిస్ట్రీకి వచ్చేసరికి నాకు నిజంగా బాధేసింది. చివరి పేజీల్లో అన్నిటికీ వరసగా ఒకే ఆప్షన్ పెట్టేశాడు. టైమ్ అయిపోయిందట. అందులో జినాన్ టెట్రాఫ్లోరైడ్ ఆకృతి ఏమిటన్న ప్రశ్న ఉంది. నేను నోటితో అడిగితే నేను ఆపకముందే "చతురస్ర సమతలం" అన్నాడు. పది సెకన్లలో వచ్చే మార్కు. మొదట్లో ఉన్న మ్యాథ్స్‌తోనే రెండు గంటలకు పైగా కుస్తీ పట్టి, ఇలాంటివి చదవకుండానే వదిలేశాడు.

ఆ సాయంత్రం తప్పులన్నీ మూడు కుప్పలు చేశాం. అసలు రానివి, వచ్చి కూడా తప్పు పెట్టినవి, వచ్చి కూడా టైమ్ అందనివి. రాని ప్రశ్నల కుప్పే అన్నిటికంటే చిన్నది. కోచింగ్ బాగుచేయగలిగేది ఆ చిన్న కుప్పని మాత్రమే. మిగతా రెండూ పిల్లాడు తన పేపర్ తను చూసుకుంటేనే తగ్గుతాయి. "సిల్లీ మిస్టేకులే" అని తల్లిదండ్రులు కొట్టిపారేస్తారు గానీ, అవే తప్పులు అదే వరసలో మళ్లీ మళ్లీ వస్తాయి. ఒక నోట్‌బుక్ పెట్టి, తప్పయిన ప్రశ్న, ఎందుకు తప్పయిందో ఒక్క వాక్యం రాయించండి. పరీక్ష ముందు వారం చదవాల్సింది ఆ నోట్‌బుక్కే.

ఇక ఈ రెండు పరీక్షల తేడా గురించి. ఒకటి చదివితే రెండోది దానంతటదే వచ్చేస్తుందని కాలేజీల్లో చెబుతారు. నేను ఒప్పుకోను. ఈఏపీసెట్ ఇంజినీరింగ్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. అంటే ప్రశ్నకు నిమిషం దాటి ఏడెనిమిది సెకన్లు. నెగెటివ్ మార్కులు లేవు. జేఈఈ మెయిన్‌లో అదే 180 నిమిషాలకు 75 ప్రశ్నలు, ప్రశ్నకు దాదాపు రెండున్నర నిమిషాలు. రైటయితే 4 మార్కులు, తప్పయితే ఒకటి పోతుంది. ఈఏపీసెట్‌లో చెయ్యి వేగం కావాలి, జేఈఈలో ఆలోచించే ఓపిక కావాలి. జేఈఈ ఏప్రిల్ సెషన్ అయ్యాక ఈఏపీసెట్ దాకా ఉండే రోజుల్లో కొత్త చాప్టర్లు ముట్టుకోకుండా టైమ్ పెట్టుకుని పాత పేపర్లు రాయించండి. కెమిస్ట్రీ ముందు ముగించి, తర్వాత ఫిజిక్స్, మిగిలిన టైమంతా మ్యాథ్స్‌కి ఇమ్మనండి. మావాడికి పనిచేసింది ఈ వరసే. చాలామందికి పనిచేస్తుందనే నా నమ్మకం.

నెగెటివ్ మార్కుల భయం గురించి కూడా లెక్క వేసి చూపించాలి. జేఈఈలో నాలుగు ఆప్షన్ల ప్రశ్నలో రెండు కచ్చితంగా కాదని తెలిస్తే, మిగిలిన రెంటిలో ఒకటి పెడితే సగటున ఒకటిన్నర మార్కు లాభమే. అలాంటివి వదిలేయడం నష్టం. అంకె టైప్ చేయాల్సిన ప్రశ్నల్లో మాత్రం ఊహకు చోటు లేదు, వాటికీ నెగెటివ్ ఉంది. ఈఏపీసెట్‌లో అయితే ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు.

పర్సంటైల్ చూసి కంగారుపడే తల్లిదండ్రులు ఎందరో. 90 పర్సంటైల్ అంటే 90 మార్కులు కాదు. ఆ షిఫ్టులో రాసినవాళ్లలో 90 శాతం మందికి మీవాడితో సమానంగానో, అంతకంటే తక్కువో వచ్చాయని. అందుకే "పేపర్ టఫ్‌గా వచ్చింది, మా బతుకైపోయింది" అని బయటికొచ్చి ఏడవక్కర్లేదు, పేపర్ ఆ షిఫ్టులో అందరికీ టఫ్‌గానే వచ్చింది. జనవరి, ఏప్రిల్ రెండు సెషన్లూ రాస్తే వాటిలో మెరుగైన స్కోరునే ర్యాంకుకి తీసుకుంటారు. కాబట్టి జనవరిది పోతే పిల్లాణ్ణి ఒక్క మాట కూడా అనకండి.

ఇంకో సంగతి. కార్పొరేట్ కాలేజీల హడావిడిలో బోర్డు పరీక్షల్ని గాలికొదిలేస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈఏపీసెట్ ర్యాంకుకి ఇంటర్ గ్రూప్ మార్కుల వెయిటేజీ 25 శాతం ఉంది. తెలంగాణలో ఆ వెయిటేజీ తీసేశారు. జేఈఈ మెయిన్ ర్యాంకుతో వచ్చే ఎన్ఐటీ సీటుకి ఇంటర్‌లో 75 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం) మార్కులో, బోర్డులో టాప్ 20 పర్సంటైలో ఉండాలి. మీరు ఏ రాష్ట్రమో చెప్పలేదు కాబట్టి ఈ ఏడాది నోటిఫికేషన్ మీరే ఒకసారి చదవండి. కాలేజీవాళ్లు చెప్పింది విని ఊరుకోవద్దు. పత్రికల్లో మొదటి పేజీ నిండా ఒకటి ఒకటి రెండు రెండు అని ఫొటోలు వేసుకునేవాళ్లు, వాళ్ల దగ్గరే ఫీజు కట్టి చదివిన మిగతా వేలమంది సంగతి ఏ పేజీలోనూ వేయరు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటూ పిల్లల ఆటలు లాగేసుకోవడం చూస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది.

మావాడి విషయానికొస్తే, బావగారు ప్రిన్సిపాల్‌తో గట్టిగా మాట్లాడి వాణ్ణి డే స్కాలర్‌గా మార్చారు. అక్క అక్కడే చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని ఉంది. అది అందరికీ కుదరదని తెలుసు. కుదరకపోతే ఆదివారం టెస్టు తర్వాత ఒక్క గంట తప్పులు చూసుకోనివ్వమని వార్డెన్‌ని అడగండి, నలుగురు తల్లిదండ్రులు కలిసి అడిగితే ఒప్పుకుంటారు. వాడికి ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. కన్వీనర్ కోటాలో, ప్రభుత్వ కాలేజీలో ఈసీఈ చదువుతున్నాడు.

మీ బాబు చేత, జేఈఈ మెయిన్ నిర్వహించే ఎన్టీఏ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉండే మాక్ టెస్టులు ఇప్పటినుంచే రాయించండి, స్క్రీన్ అలవాటు కావాలి. జవాబు పెట్టి రివ్యూకి మార్క్ చేసినవి కూడా లెక్కలోకి వస్తాయని చెప్పండి, చాలామందికి దాని మీద అనవసరమైన టెన్షన్. పరీక్షయ్యాక రెస్పాన్స్ షీట్ (తను పెట్టిన జవాబుల పత్రం), ప్రాథమిక కీ రాగానే డౌన్‌లోడ్ చేసుకుని, ఒక్కో ప్రశ్నా పోల్చి చూడమనండి. కీలో తప్పుందనిపిస్తే గడువులోగా అభ్యంతరం పెట్టవచ్చు, దానికి ప్రశ్నకింత అని ఫీజు ఉంటుంది. జనవరి రెస్పాన్స్ షీట్ చేతిలో ఉంటే ఏప్రిల్‌కి ఏం చదవాలో ఏ కోచింగ్ సెంటర్‌నీ అడగక్కర్లేదు.