పంపుకు పాతిక శాతం మార్జిన్, ఇంటికి పదిహేడు రోజులు

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నెలకు చేతికి రూ.1,15,000 వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 42,000, ఇంటి ఖర్చులు 48,000. సేవింగ్స్ ఖాతాలో 60,000 ఉంది. రెండేళ్ల పాప. నిరుడు సెకండ్ హ్యాండ్‌లో 2018 స్కోడా ఆక్టావియా 1.8 టీఎస్ఐ ఆటోమేటిక్ కారు కొన్నాను. 180 హార్స్‌పవర్‌ను 300కి పెంచాలనుంది. పెద్ద టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఎక్కువగా నెట్టే పరికరం), రెండు ఫ్యూయల్ పంపులు, ట్యూనింగ్ కలిపి 4 లక్షలు చెప్పారు. యాప్‌లో 14 శాతానికి ప్రీ-అప్రూవ్డ్ పర్సనల్ లోన్ చూపిస్తోంది. అది తీసుకోనా? లేక ముందు పంపులు మాత్రం క్రెడిట్ కార్డ్ ఈఎంఐలో కొననా?

జవాబు: మీ పూర్తి మెయిల్ చదివాను, దానికి మీరు జత చేసిన ఎక్సెల్ షీట్ రెండుసార్లు చూశాను. 300 హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 110 లీటర్ల పెట్రోల్ కావాలని లెక్కేశారు. ఈ20కి, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కు, ఇంకాస్త ఎక్కువ కావాలని కలిపారు. ప్రెజర్ పెరిగేకొద్దీ పంపు ఫ్లో తగ్గుతుంది కాబట్టి డబ్బా మీది అంకెను నమ్మొద్దని పక్కనే రాసుకున్నారు. ఇవన్నీ అయ్యాక జాగ్రత్త కోసం మళ్లీ 25 శాతం అదనం, అదే మార్జిన్. ఫుల్ థ్రాటిల్‌లో ఇంధనం చాలకపోతే పిస్టన్లు కరిగిపోతాయన్న భయం అది. న్యాయమైన భయమే.

అదే ఫైల్‌లో పక్క ట్యాబ్‌లో మీ ఇంటి బడ్జెట్ ఉంది. అందులో మార్జిన్ అనే గడే లేదు.

మీ ఒక్కరి సంగతే అయితే ఇంత రాసేవాణ్ని కాదు. కారు, కెమెరా, బైక్ ఏదైనా సరే, వస్తువు గురించి నెలల తరబడి చదివి, దానికి డబ్బు మాత్రం యాప్‌లో రెండు నొక్కులతో తెచ్చేవాళ్లు నాకు ప్రతి వారం తగులుతున్నారు.

4 లక్షలు, 14 శాతం, మూడేళ్లు అంటే నెలకు దాదాపు రూ.13,670. వడ్డీయే 92 వేలు దాటుతుంది. ఇప్పుడు మీ నెల ఖర్చు 90 వేలు, లోన్ తీసుకుంటే 1,03,670 అవుతుంది. జీతం ఆగిన రోజు నుంచి ఖాతాలోని 60 వేలు ఎన్నాళ్లు వస్తాయి? పదిహేడు రోజులు. నోటీస్ పీరియడ్ కూడా గడవదు. 2020 లాక్‌డౌన్‌లో నా క్లయింట్ ఒకాయన ఇలాగే దొరికిపోయాడు. సగం జీతం, విప్పేసిన ఇంజిన్. ఏడు నెలలు ఆ కారు సెల్లార్‌లో కవర్ కప్పుకుని ఉంది, ఈఎంఐ మాత్రం ఒక్క నెలా ఆగలేదు.

మీకు కావలసిన అత్యవసర నిధి ఆరు నెలల ఖర్చు, అంటే రూ.5,40,000. ఉన్నది పోను 4,80,000 తక్కువ. నెలకు మిగిలే 25 వేలు మొత్తం వేస్తే పంతొమ్మిది, ఇరవై నెలలు. బోనస్ వస్తే అదీ ఇందులోకే. అంతవరకు టర్బో మాట వద్దు. ‘ఎమర్జెన్సీకి క్రెడిట్ కార్డ్ ఉంది కదా’ అని రాశారు. నెలకు మూడు శాతం పైన వడ్డీ లాగేదాన్ని నిధి అంటారా?

‘ముందు పంపులు మాత్రం’ అన్న మాట మీ షీట్‌కే అతకదు. పంపు మార్చినంత మాత్రాన ఒక్క హార్స్‌పవర్ కూడా పెరగదు. మీ ఇంజిన్‌లో ట్యాంక్‌లో ఒక పంపు, క్యామ్‌షాఫ్ట్‌తో తిరిగే హై-ప్రెజర్ పంపు ఇంకొకటి. టర్బో, ట్యూనింగ్ అయ్యేదాకా రెండూ దండగే. పైగా మీ ఏడు గేర్ల డీఎస్‌జీని (ఆటోమేటిక్ గేర్‌బాక్స్) తయారు చేసిందే 250 న్యూటన్ మీటర్ల టార్క్‌కు, అంటే ఇంజిన్ తిప్పే బలానికి. కంపెనీ ఇచ్చిన ఇంజిన్ ఇప్పటికే సరిగ్గా అంత ఇస్తోంది. 300 హార్స్‌పవర్ తెస్తే క్లచ్ ఎన్నాళ్లుంటుంది? మీ 4 లక్షల కొటేషన్‌లో గేర్‌బాక్స్ లైనే లేదు. అంటే రెండో లోన్ ఇప్పుడే ఖాయమైనట్టు.

ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారేమో. కంపెనీ స్పెసిఫికేషన్‌కు భిన్నంగా వాహనాన్ని మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కు విరుద్ధం. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా పడొచ్చు. బీమా సంస్థకు చెప్పకుండా మారిస్తే ఓన్ డ్యామేజ్ (మీ కారుకే జరిగిన నష్టం) క్లెయిమ్‌ను తిరస్కరించవచ్చు. ట్యూనింగ్ వల్ల ఇంజిన్ పోతే అసలు క్లెయిమే లేదు, మెకానికల్ బ్రేక్‌డౌన్‌ను పాలసీ కవర్ చేయదు. మీరు మురిసిపోతున్న ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ ప్రధానంగా వానాకాలంలో నీళ్లు ఇంజిన్‌లోకి వెళ్లినప్పటి కోసం.

మిగతావి చకచకా. టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) లేదన్నారు, ఈ నెలే తీసుకోండి, పాప ఉంది. హెల్త్ కవర్ ఆఫీస్‌ది మాత్రమే కాబట్టి ఉద్యోగంతోపాటే పోతుంది, సొంతంగా ఒకటి ఉండాలి. ఈ రెండు ప్రీమియంల వల్ల నిధి ఒకట్రెండు నెలలు ఆలస్యమైనా ఫర్వాలేదు. మీ ఆవిడ నగల మీద గోల్డ్ లోన్ అని చివర్లో చిన్నగా రాశారు, ఆ మాట ఇంట్లో ఎత్తకండి.

ఈ లోపు కారు మీద చెయ్యి ఊరుకోకపోతే సర్వీస్ చేయించి ప్లగ్‌లు, ఫిల్టర్లు మార్పించండి. ఆ ఖర్చు ఒక నెల మిగులులోనే సరిపోతుంది. బ్యాంక్ యాప్‌లో లోన్ ఆఫర్ల నోటిఫికేషన్లు ఇవాళే ఆఫ్ చేయండి.