రిపోర్టులన్నీ నార్మల్, ఒళ్లంతా నొప్పి: అమ్మకు ఫైబ్రోమయాల్జియా అన్నారు, మందుల్లేకుండా తగ్గుతుందా?

మీ అమ్మగారికి 52 ఏళ్లు, ఏడాదిగా ఒళ్లంతా నొప్పులు, పరీక్షల్లో ఏమీ లేదు, సహజంగా తగ్గే దారి చెప్పమన్నారు. నేను డాక్టర్ని కాదు. ఒళ్లంతా నొప్పులు, అలసట విడవకుండా పట్టుకునే ఈ ఫైబ్రోమయాల్జియాతో ఆరేళ్లుగా కాపురం చేస్తున్నదాన్ని, ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

నాకు మెడ దగ్గర మొదలైంది. తర్వాత భుజాలు, నడుము, తొడలు. జ్వరం తగ్గాక ఒళ్లు పులిసినట్టు ఉంటుంది చూడండి, అది రోజూ. ఎనిమిది గంటలు పడుకుని లేచినా రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చినట్టే. జాకెట్టు చెయ్యి బిగువుగా తగిలినా నొప్పే. వీటికంటే నన్ను భయపెట్టింది మతిమరుపు. పప్పులో రెండుసార్లు ఉప్పు వేసేదాన్ని, పక్కింటావిడ పేరు నోటికి వచ్చేది కాదు. చిన్న వయసులోనే అల్జీమర్స్ ఏమోనని ఎవరికీ చెప్పకుండా ఏడ్చాను కూడా. నొప్పి, నిద్ర లేచినా తీరని అలసట, ఈ మతిమరుపు తరచుగా కలిసే వస్తాయని తర్వాత తెలిసింది.

చుట్టాలు చికున్‌గున్యా తాలూకు నొప్పులన్నారు, కొందరు పని ఎగ్గొట్టే వేషాలన్నారు. థైరాయిడ్, ఒంట్లో వాపు ఉందేమో చూసే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, కీళ్లవాతం కోసం చూసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ పరీక్షలన్నీ బాగానే వచ్చాయి. విటమిన్ డి తక్కువుంటే వాడాను, కొంచెం నయమనిపించింది, అంతే. చివరికి రుమటాలజిస్టు (కీళ్లు, కండరాల జబ్బుల డాక్టర్) దగ్గర తేలింది. ఈ జబ్బును పట్టే రక్తపరీక్ష అంటూ లేదు, పరీక్షలు మిగతా జబ్బులు కావని తేల్చుకోవడానికే అన్నారు. 1990లో వచ్చిన పద్ధతిలో ఒంట్లో 18 చోట్ల వేలితో నొక్కి, 11 చోట్ల నొప్పి ఉంటే ఇదే అనేవారట. 2010 నుంచి నొక్కడం పోయి, 19 భాగాల్లో ఎక్కడెక్కడ నొప్పి ఉంది, నిద్ర, అలసట, జ్ఞాపకశక్తి ఎలా ఉన్నాయి అని అడిగి లెక్కేస్తున్నారు. కనీసం మూడు నెలలుగా ఉండాలి.

ఆ డాక్టర్ చెప్పిన పోలిక నాకింకా గుర్తుంది. దొంగ వస్తే మొరగాల్సిన కుక్క పాలవాడికీ, రాలిన ఆకుకీ మొరుగుతోంది. మొరుగుడు నిజమే, దొంగే లేడు. అంటే కండరం చెడిపోలేదు, నొప్పిని మెదడుకు చేరవేసి లెక్కగట్టే ఏర్పాటు అతిగా పనిచేస్తోంది. మామూలు నొప్పి మాత్రలు దీనికి పెద్దగా పనిచేయకపోవడానికి కారణం ఇదేనట.

ఇక మీరడిగిన సహజమైన దారి. నాకు ఎక్కువ మేలు చేసింది నడక. నిపుణులు కూడా అదే అంటారు. 2017లో యూరప్ రుమటాలజీ నిపుణులు ఇచ్చిన సలహాల్లో గట్టిగా సిఫారసు చేసింది వ్యాయామం ఒక్కటే. కానీ నేను మొదటిరోజే అరగంట నడిచి రెండు రోజులు మంచం పట్టాను. తర్వాత ఐదు నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి ఒకట్రెండు నిమిషాలు పెంచాను. మొదటి మూడు వారాలు నొప్పి పెరిగింది, దాదాపు మానేశాను. ఇప్పుడు అరగంట నడుస్తున్నాను.

దీంతోపాటు ఒక నోటుపుస్తకంలో నిద్ర, పని, నొప్పి రోజూ రెండు ముక్కలు రాసుకునేదాన్ని. నెల తర్వాత చూస్తే సోమవారాలన్నీ ఘోరంగా ఉన్నాయి. ఆదివారం కాస్త తేలిగ్గా ఉంటే చాలు, దుప్పట్లు ఉతకడం, పిండి రుబ్బడం, బూజు దులపడం అన్నీ ఆ రోజే. బాగున్న రోజున ఆగడం నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది, నడక కంటే ఇదే కష్టం. మీ అమ్మగారికీ ఈ అలవాటు ఉండే ఉంటుంది, గమనించండి.

రాత్రి ఒకే వేళకు పడుకోవడం, మధ్యాహ్నం తర్వాత కాఫీ మానడం కొంత పనిచేశాయి. వేడినీళ్ల స్నానం, కాపడం హాయిగా ఉంటాయి. మా అత్తగారు వావిలాకు వేసి కాచిన నీళ్లు పోసేవారు. ఆకు మహిమో, వేడి మహిమో గానీ ఆ రాత్రి నిద్ర పట్టేది. పసుపు పాలు తాగాను, నాకు తేడా తెలియలేదు.

పేరు లేని పొడుల జోలికి మాత్రం వెళ్లకండి. తెలిసినవాళ్లు ఇచ్చిన పొట్లాలు నెలన్నర తిన్నాను. నొప్పి తగ్గలేదు సరికదా, ముఖం ఉబ్బింది, షుగర్ పెరిగింది. అందులో స్టెరాయిడ్ కలిపి ఉంటారని, అసలు స్టెరాయిడ్ ఈ జబ్బుకు పనికిరాదని డాక్టర్ చెప్పారు. అమ్మగారు అలాంటివి ఇప్పటికే వాడుతుంటే డాక్టర్‌కు చెప్పండి, ఉన్నపళంగా మానడమూ ప్రమాదమే.

మందులు వద్దని పట్టుదలకు పోకండి. నాకు రాత్రిపూట తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ రాశారు. డిప్రెషన్ మందని తెలిసి మా ఆయన కంగారుపడ్డారు గానీ, నిద్ర కుదిరాకే నడవగలిగాను. కొన్ని నెలల తర్వాత డాక్టరే తగ్గించారు. కీళ్లు వాచినా, జ్వరం వస్తున్నా, బరువు తగ్గిపోతున్నా, కాళ్లూ చేతులూ పట్టు తప్పినా ఇది ఫైబ్రోమయాల్జియాయే కదా అని ఊరుకోకుండా మళ్లీ చూపించండి.

ఇంకో మాట. 'నొప్పి ఎలా ఉందమ్మా' అని రోజుకు నాలుగుసార్లు అడక్కండి, ఆ జవాబు చెప్పడమూ విసుగే. మా అబ్బాయి ఏమీ అడిగేవాడు కాదు, తడిబట్టల బకెట్ డాబా మీదికి మోసి ఊరుకునేవాడు. ఇప్పటికీ సెలవులకొస్తే మోస్తాడు.