షికార్లు మానక్కర్లేదు, ముందు కార్డు బాకీ తీర్చండి

ప్రశ్న: మాది గుంటూరు. మెల్‌బోర్న్‌లో పడమటి వైపు తార్నీట్‌లో ఇల్లు కొనుక్కుని ఉంటున్నాం. మా ఆయనది ఐటీ ఉద్యోగం. నేను వారానికి మూడు రోజులు ఏజ్డ్ కేర్‌లో, అంటే వృద్ధుల సంరక్షణలో చేస్తాను. ఇద్దరికీ కలిపి నెలకు చేతికొచ్చేది 9,400 డాలర్లు, ఇంటి లోను వాయిదా 3,450. పిల్లలకు తొమ్మిదేళ్లు, ఆరేళ్లు. పోయిన ఏడాది 11 ట్రిప్పులు వేశాం. అందులో ఐదింటికి రాత్రి బస కూడా చేశాం, మొత్తం 12 రాత్రులు. లెక్క తీస్తే 9,700 డాలర్లు తేలింది: బస 4,350, తిండి 2,300, టికెట్లు 1,400, పెట్రోలు, టోలు కలిపి 1,150, మంచు చూడ్డానికి వెళ్లినప్పుడు అద్దె సామాన్లకు 500. క్రెడిట్ కార్డులో 6,800 బాకీ అలాగే ఉండిపోయింది, వడ్డీ 21 శాతం. ఆఫ్‌సెట్ ఖాతాలో (ఇంటి లోనుకు జతచేసిన పొదుపు ఖాతా, అందులో ఎంతుంటే లోనులో అంత మొత్తానికి వడ్డీ పడదు) 14,000 ఉన్నాయి కానీ అత్యవసరానికని ముట్టుకోవడం లేదు. ట్రిప్పులన్నీ ఆపేసి లోను తొందరగా తీర్చేద్దాం అంటారు మా ఆయన. పిల్లల చిన్నతనం మళ్లీ రాదు కదా అంటాను నేను. డిసెంబరులో మా అత్తమామలు వస్తున్నారు, మార్చి చివరి దాకా ఉంటారు. ఈ మధ్య ఒక హాలిడే క్లబ్ వాళ్లు సభ్యత్వం తీసుకోమని వెంటపడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందుగా మిమ్మల్ని మెచ్చుకోవాలి. షికార్లకు ఎంతయిందో రాసిపెట్టుకునే ఇల్లు వందలో ఒకటి కూడా ఉండదు. చాలామంది నా దగ్గరికి వచ్చి "మేం పెద్దగా ఎక్కడికీ వెళ్లం సార్" అంటారు. కార్డు స్టేట్‌మెంట్ తెరిస్తే లోర్న్, అపోలో బే, ఫిలిప్ ఐలండ్ లాంటి షికారు చోట్లే వరసగా కనిపిస్తాయి.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా నన్ను ఇబ్బంది పెట్టింది ట్రిప్పులు కాదు. ఒక జేబులో 14,000 డాలర్లు ఉంచుకుని, రెండో జేబులో 21 శాతం వడ్డీ కడుతున్నారు చూడండి, అది. 6,800 మీద 21 శాతమంటే ఏడాదికి 1,428 డాలర్లు. మీ లెక్క ప్రకారమే ఒక రాత్రి బసకు 360 దాకా పడుతోంది. అంటే ఏటా నాలుగు రాత్రుల హోటల్ డబ్బు ఊరికే బ్యాంకుకు పోతోంది, ఎక్కడికీ వెళ్లకుండానే. అదే డబ్బు ఆఫ్‌సెట్‌లో ఉంటే మీకు మిగిల్చేది ఇంటి లోను వడ్డీ మాత్రమే. దాన్ని 6 శాతం అనుకుంటే ఏడాదికి 408. కాబట్టి ఈ రోజే, ఇది చదివిన వెంటనే, ఆఫ్‌సెట్ నుంచి 6,800 తీసి కార్డు తీర్చేయండి. ఏడాదికి వెయ్యి డాలర్లు మిగులుతాయి. ఆఫ్‌సెట్‌లో ఇంకా 7,200 ఉంటాయి, అత్యవసరానికి ప్రస్తుతానికి అవి సరిపోతాయి. కార్డు లిమిట్ కూడా రెండు వేలకు దించమని బ్యాంకుకు చెప్పండి. ఖాళీ అయిన కార్డు ఖాళీగా ఉండదు, నా అనుభవం అది.

ఇక మీ ఇద్దరి మధ్య పంచాయితీ. మీ వారి మాటలో న్యాయం ఉంది కానీ మందు మోతాదు ఎక్కువ. ట్రిప్పులు పూర్తిగా మానేసినవాళ్లు నాలుగు నెలలు ఓర్చుకుంటారు, ఐదో నెలలో విసుగొచ్చి బాలీకి టికెట్లు కొంటారు. మీ 9,700 లో ఊరు చూడ్డానికి అయినది ఎంతో చూడండి. పెట్రోలు, టోలు, టికెట్లు కలిపినా 2,550. పడుకోవడానికి, తినడానికి అయినది 6,650. తార్నీట్ నుంచి బల్లారాట్ వంద కిలోమీటర్ల లోపే. వెళ్లి రావడానికి ఓ పదహారు లీటర్ల పెట్రోలు, ముప్పై డాలర్ల ఖర్చు. పెట్రోలు ధర చూసి భయపడి షికారు మానేసేవాళ్లు, లాంగ్ వీకెండ్‌లో గదికి నాలుగు వందలు అడిగితే మాత్రం మారు మాట్లాడకుండా కట్టేస్తారు.

అందుకని నా సలహా: పగటి ట్రిప్పులు పెంచండి, రాత్రి బసలు తగ్గించండి. ఏడాదికి 4,800 అనుకోండి, అంటే నెలకు 400. జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి దానంతటదే వెళ్లేలా పెట్టండి. షికారు ఖర్చంతా ఆ ఖాతా డెబిట్ కార్డుతోనే. అందులో డబ్బు లేకపోతే ఆ వారం వెరిబీ నది ఒడ్డున నడక, అంతే. మిగిలిన 4,900 ఆఫ్‌సెట్‌కు పంపండి. వడ్డీ 6 శాతం దగ్గరే ఉంటే, ఏటా ఇలా చేస్తే పదేళ్లకు మీ అప్పు భారం దాదాపు 64 వేల డాలర్లు తగ్గుతుంది. మీ వారికి ఈ అంకె చూపించండి, పంచాయితీ సగం తీరుతుంది.

400 తో ఏం వస్తుంది అంటారేమో. చాలా వస్తుంది, మీరు ఉంటున్న చోటు అలాంటిది. 2023 మార్చి 31 నుంచి మన విక్టోరియా రాష్ట్రంలో బయటి ఊళ్లకు వెళ్లే వీ/లైన్ రైళ్లకు కూడా నగరంలో ఉన్న రోజువారీ గరిష్ఠ ఛార్జీయే వర్తిస్తోంది. శని, ఆదివారాల్లో అది ఇంకా తక్కువ, పెద్దవాళ్లకు ఎనిమిది డాలర్ల చుట్టుపక్కల. 2026 జనవరి 1 నుంచి 18 ఏళ్ల లోపు పిల్లలకు ప్రయాణం ఉచితం, యూత్ మైకీ అనే ప్రయాణ కార్డు తీసుకుంటే చాలు. మీ స్టేషన్‌లోనే జిలాంగ్ రైలు ఆగుతుంది. దిగి కాస్త నడిస్తే సముద్రం ఒడ్డు, రంగులు వేసిన కొయ్య బొమ్మలు వందకు పైగా, ఈస్టర్న్ బీచ్‌లో పిల్లలు దిగడానికి కట్టిన ఈత ఆవరణ. దేనికీ టికెట్ లేదు. నలుగురికీ కలిపి ప్రయాణం పదహారు డాలర్లలో అయిపోతుంది. పార్కింగ్ గొడవ లేదు, వచ్చేటప్పుడు మీ వారు రైల్లో కునుకు తీయొచ్చు.

జూ సంగతి మీకు తెలిసే ఉంటుంది. 16 ఏళ్ల లోపు పిల్లలకు శని, ఆదివారాల్లో, పబ్లిక్ హాలిడేల్లో, స్కూలు సెలవుల్లో ప్రవేశం ఉచితం. వెరిబీ ఓపెన్ రేంజ్ జూ మీ ఇంటి పక్కనే ఉన్నట్టు లెక్క. ఏడాదిలో మూడు నాలుగు సార్లు వెళ్లేట్టయితే పెద్దవాళ్లిద్దరికీ సభ్యత్వం తీసుకోండి, హీల్స్‌విల్ శాంక్చురీ అనే ఇంకో జూకి కూడా అదే పనిచేస్తుంది. మెల్‌బోర్న్ మ్యూజియంలోనూ, సైన్స్‌వర్క్స్ అనే సైన్స్ మ్యూజియంలోనూ పిల్లలకు టికెట్ లేదు. వాన పడే జూలై ఆదివారాలకు అవి దాచుకోండి. నేషనల్ పార్కులకు ఈ రాష్ట్రంలో ప్రవేశ రుసుమే లేదు. పఫింగ్ బిల్లీ ఆవిరి రైలు మాత్రం నలుగురికి ఖరీదైన వ్యవహారమే. ఒకసారి ఎక్కండి, తప్పు లేదు. రెండోసారికి అది బయల్దేరే బెల్‌గ్రేవ్ స్టేషన్ దాటాక ఉండే కొయ్య వంతెన దగ్గర నిలబడండి. పొగ కక్కుకుంటూ రైలు మలుపు తిరిగి వంతెనెక్కేటప్పుడు పిల్లలు వేసే కేకలకు టికెట్ అక్కర్లేదు.

తిండి దగ్గర మీరు ట్రిప్పుకి రెండు వందలు దాటిస్తున్నారు. నేను పులిహోర డబ్బా కట్టుకెళ్లమనే పాత సలహా చెప్పను, అది మీకూ తెలుసు. దారిలో పిల్లలు చిప్స్ అడగ్గానే డబ్బా సంగతి మరచిపోవడమూ తెలుసు. ఉదయం పూట తిండి ఇంటి నుంచి, మధ్యాహ్నం పార్కులో బార్బిక్యూ, సాయంత్రం కాఫీ, ఐస్‌క్రీమ్ బయట. ఇలా పెట్టుకుంటే ఎవరూ అలగరు. ఇక్కడి పార్కుల్లో కరెంటు బార్బిక్యూలు చాలా చోట్ల ఉచితం. బటన్ నొక్కితే స్టీలు పలక వేడెక్కుతుంది, కాసేపటికి ఆరిపోతుంది, మళ్లీ నొక్కాలి. మా ఇంట్లో పలక మీద ముందుగా అల్యూమినియం ఫాయిల్ రెండు పొరలు పరుస్తాం, మనకు ముందు ఎవరు ఏ మాంసం కాల్చారో తెలియదు కదా. దాని మీద పనీర్, ఉల్లిపాయ, క్యాప్సికమ్. పక్కన ఐస్‌బాక్స్‌లో పెరుగన్నం. పదిహేను డాలర్ల సరుకు. లోర్న్‌లో నలుగురు ఫిష్ అండ్ చిప్స్ తింటే అయ్యేది దీనికి నాలుగింతలు.

మంచు గురించి ఒక్క మాట, ఇందులో నేనూ బోల్తా పడ్డవాణ్నే. మొదటిసారి లేక్ మౌంటెన్‌కి జీన్స్, చెప్పుల్లాంటి బూట్లతో బయల్దేరాం. దారిలో ఒక దుకాణంలో ఆగి చక్రాలకు గొలుసులు, నలుగురికీ ప్యాంట్లు, బూట్లు, పిల్లలకు జారుడు బండి, అన్నీ అద్దెకు తీసుకున్నాం. పైన గేటు దగ్గర కారుకు రుసుము. అంతా అయ్యాక పిల్లలు మంచులో ఆడింది గంటన్నర, తర్వాత చేతులు గడ్డకట్టి ఏడుపు. మీ 500 చూడగానే ఆ రోజు గుర్తొచ్చింది. ఏటా వెళ్లే ఉద్దేశం ఉంటే సీజన్ అయిపోయాక డిస్కౌంట్ సేల్‌లో పిల్లల ప్యాంట్లు ఒక సైజు పెద్దవి కొనిపెట్టుకోండి, గొలుసులు మాత్రం అద్దెకే తీసుకోండి. అది కూడా రాత్రి బస లేకుండా, పొద్దున్నే ఐదింటికి బయల్దేరి.

రాత్రి ఉండకుండా పని జరగని చోట్లు ఉన్నాయి, కాదనను. సముద్రం వెంట సాగే గ్రేట్ ఓషన్ రోడ్ 243 కిలోమీటర్లు. టార్కీలో మొదలుపెట్టి మలుపులన్నీ తిరిగి ట్వెల్వ్ అపోసిల్స్ అనే సముద్రపు రాతి స్తంభాలు చూసి అదే రోజు ఇల్లు చేరడం డ్రైవర్‌కు శిక్ష. అక్కడ ఒక రాత్రి ఉండండి. కాకపోతే సముద్రం కనిపించే గది బదులు కోలాక్ లాంటి లోపలి ఊళ్లో తీసుకోండి, తిరుగు ప్రయాణం ఎలాగూ లోపలి దారినే దగ్గర. అన్నిటికన్నా ముఖ్యం ఏ రోజన్నది. బాక్సింగ్ డే (డిసెంబరు 26) నుంచి జనవరి చివరి దాకా, మార్చిలో లేబర్ డే, నవంబరులో మెల్‌బోర్న్ కప్ గుర్రప్పందేల వీకెండ్... ఊరంతా కదిలే రోజులవి. రేటు ఎక్కువ, పైగా కనీసం రెండు రాత్రులో మూడు రాత్రులో తీసుకోవాలంటారు. మీకు వారంలో నాలుగు రోజులు డ్యూటీ లేదు. స్కూళ్లు తెరిచాక ఫిబ్రవరిలో శుక్రవారం సాయంత్రం వద్దు, ఆదివారం రాత్రి ఉండి సోమవారం తిరిగొచ్చేలా చూడండి. పిల్లలకు ఒక రోజు బడి పోతుంది, ఏడాదికి ఒక్కసారే కదా.

ఫిలిప్ ఐలండ్‌లో పెంగ్విన్లు సూర్యాస్తమయం తర్వాతే ఒడ్డుకొస్తాయి. డిసెంబరులో పొద్దు గుంకేసరికి తొమ్మిది అవుతుంది, చూసి తిరిగొచ్చేసరికి అర్ధరాత్రి. అందుకే జనం గది తీసుకుంటారు. జూన్ ఇక్కడ చలికాలం, ఐదు దాటగానే చీకటి పడిపోతుంది. పెంగ్విన్లను చూసి, దారిలో ఏదైనా తిని, తొమ్మిదిన్నరకు ఇంట్లో ఉండొచ్చు. చలికి రగ్గులు తీసుకెళ్లండి. ఒక్క నెల మార్చితే మూడు వందలు మిగిలినట్టే.

హాలిడే క్లబ్ వద్దు. ఉచితంగా రెండు రాత్రుల వోచర్ ఇస్తామన్నా ఆ మీటింగ్‌కు వెళ్లొద్దు. ఒక్కసారి కట్టే డబ్బు పెద్దదే, కానీ అసలు బరువు ఏటా కట్టే నిర్వహణ రుసుము. మీరు వెళ్లినా వెళ్లకపోయినా కట్టాలి, ఏటేటా పెరుగుతుంది. అమ్ముదామంటే కొనేవాడు దొరకడు. ఇప్పటికే సంతకం పెట్టి ఉంటే మాత్రం కూలింగ్ ఆఫ్ గడువు (మనసు మార్చుకుని రద్దు చేసుకునే వ్యవధి) ఎప్పటిదాకానో కాగితాల్లో వెంటనే చూడండి.

మీరు రాయని ఖర్చులు రెండున్నాయి. ఒకటి, ఈ రాష్ట్రంలో అంబులెన్స్ ఖర్చు మెడికేర్‌లో, అంటే ప్రభుత్వ వైద్య పథకంలో రాదు. అడవి దారుల్లో, కొండల మీద తిరిగే కుటుంబానికి అంబులెన్స్ విక్టోరియా సభ్యత్వం తప్పనిసరి, ఏడాదికి వంద డాలర్ల పైచిలుకు. మీ హెల్త్ ఇన్సూరెన్స్‌లో పూర్తిగా ఉందేమో ముందు చూసుకోండి. హెలికాప్టర్ రావలసి వస్తే బిల్లు వేలల్లో ఉంటుంది. రెండు, మీ అత్తమామలు. ఇండియా నుంచి వచ్చే విజిటర్లకు మెడికేర్ వర్తించదు. వాళ్లను ఎక్కడికి తిప్పాలా అనే ముందు వాళ్ల విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకోండి, బీపీ, షుగర్ ఉంటే ఆ సంగతి దాచకుండా రాసి మరీ. ఆ డబ్బు షికారు ఖాతాలోంచి తీయొద్దు, వాళ్ల విమాన టికెట్ల ఖర్చులో కలపండి.

వాళ్ల కోసం ఏదో పెద్దది చేయాలని అనిపిస్తుంది, నాకూ మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు అలాగే అనిపించింది. పెద్దవాళ్లు ఐదు గంటలు కారులో కూర్చోలేరు, గ్రేట్ ఓషన్ రోడ్ మలుపుల్లో వాంతులు ఖాయం. ఒక శనివారం కారమ్ డౌన్స్ శివవిష్ణు ఆలయంలో దర్శనం చేసుకుని, అటునుంచి అటే ఫ్రాంక్‌స్టన్ బీచ్‌కు తీసుకెళ్లండి. ఇంకో రోజు రైల్లో జిలాంగ్. పెంగ్విన్లు చూపించాలనుకుంటే మార్చి నెల మధ్యదాకా ఆగండి, అప్పటికి ఏడున్నర దాటాక పొద్దు గుంకుతుంది. చాలాచోట్ల మీ మామగారు ధరల పట్టిక చూసి రూపాయల్లోకి మార్చి "ఇంతా!" అంటారు. అలా అన్న ప్రతిసారీ ఆయన మాట వినండి.

ఇది మీరు రాసినంత మేర చూసి ఇచ్చిన సాధారణ సలహా. లోను రేటు, సూపర్ (రిటైర్మెంట్ పొదుపు), ఇన్సూరెన్స్ కాగితాలు పట్టుకుని లైసెన్సు ఉన్న సలహాదారు దగ్గర ఒకసారి ఇద్దరూ కూర్చోండి. కార్డు బాకీకి మాత్రం ఆ అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు.