కొత్త డిజిటల్ శాట్ స్కోరును అమెరికా కాలేజీలన్నీ ఒకేలా చూస్తాయా?

చూడవు. అమెరికాలో డిగ్రీ ప్రవేశాలకు రాసే ఈ పరీక్ష కాగితం నుంచి కంప్యూటర్‌కు మారింది కానీ స్కేలు మారలేదు: 400 నుంచి 1600. విదేశాల్లో 2023 మార్చిలో, అమెరికాలో 2024 మార్చిలో ఇది మొదలైంది. ఇప్పుడు 98 ప్రశ్నలు, 2 గంటల 14 నిమిషాలు. స్కేలు అదే కాబట్టి స్కోరు డిజిటల్‌దా, కాగితంపై రాసినదా అన్నది ప్రవేశాల్లో పెద్ద విషయం కాదు. అసలు తేడా స్కోరు అడగాలా వద్దా అన్నచోటే వస్తుంది.

ఎంఐటీ 2022లోనే స్కోరును మళ్లీ తప్పనిసరి చేసింది. డార్ట్‌మత్, బ్రౌన్, హార్వర్డ్ 2024లో అదే దారి పట్టాయి. అదే ఏడాది యేల్ మాత్రం శాట్, యాక్ట్ (శాట్ లాంటి మరో ప్రవేశ పరీక్ష), ఏపీ, ఐబీల్లో (హైస్కూల్లో చదివే పైస్థాయి కోర్సుల పరీక్షలు) ఏదో ఒకటి చాలంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు ప్రవేశానికి స్కోరును అసలు చూడవు. పంపినా ప్రవేశానికి ఉపయోగం లేదు. ఐచ్ఛికం అన్న కాలేజీలూ ఎన్నో ఉన్నాయి.

హైదరాబాద్, విజయవాడల నుంచి దరఖాస్తు చేసేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే: ఒక కాలేజీ నియమం చూసి మిగతావాటికీ అదే అనుకుంటారు. చాలా కాలేజీలు వేర్వేరు తేదీల్లోని మంచి సెక్షన్ (రీడింగ్-రైటింగ్, మ్యాథ్) స్కోర్లను కలిపి చూస్తాయి, జార్జ్‌టౌన్ అయితే రాసిన పరీక్షలన్నిటి స్కోర్లూ అడుగుతుంది. కాబట్టి పరీక్షను ఊరికే ట్రయల్‌గా రాయొద్దు.

ఒక్క జాగ్రత్త: ఒక్కో సెక్షన్‌లో రెండు మాడ్యూళ్లు, అంటే రెండు భాగాలు ఉంటాయి. మొదటి మాడ్యూల్ సరిగా చేయకపోతే రెండోది తేలికైనదే వస్తుంది, అప్పుడు ఆ సెక్షన్‌లో పై స్కోర్లు అందవు. మొదటి మాడ్యూల్లో తొందర వద్దు.